నీలం ట్రే ముక్క

"ఇది నీ చేతి పనేనా భయ్యా? ఉన్నమాట చెప్పు" అంటూ కనకలక్ష్మి కొంగుముడి విప్పి, అరచేతి వెడల్పున్న నీలం ప్లాస్టిక్ ముక్కను ధనరాజు బల్ల మీద పెట్టింది.

ధనరాజు మెషీను ఆపాడు. దీవిలోని జంగ్లీఘాట్ రేవు సందులో అతనిది ఒంటిగది వర్క్‌షాపు. ప్లాస్టిక్ షీటును మెత్తబడేదాకా వేడిచేసి, అచ్చు మీద పరిచి, కిందనుంచి గాలి లాగేస్తే అది అచ్చుకు అతుక్కుని ట్రే అవుతుంది. మిఠాయి కొట్టుకి ఒక రకం, మందుల షాపుకి ఒక రకం, చేపల పడవకి ఇంకో రకం. ఏ పనికి ఏ షీటు వాడాలో అతన్నే అడగాలని ఊళ్లో పేరు. పనికిరాని షీటుతో చెయ్యమంటే ఎంత పెద్ద బేరాన్నయినా తిప్పి పంపేస్తాడు.

"ఎక్కడ దొరికింది?"

"వండూర్ ఒడ్డున. మా మరిది నూకన్న తెచ్చాడు, పొద్దున్నే."

కనకలక్ష్మి మొగుడు లక్ష్ముడు పడవ తీసుకుని వేటకు వెళ్లి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. వెతకడానికి వెళ్లిన ఓడలు వెనక్కి వచ్చేసి వారమైంది. ఆదివారం కర్మ చేసేద్దామని నిన్న పెద్దలు ఇంటికొచ్చి కూర్చున్నారు. అత్త కాసులమ్మ "నా కొడుకుని కళ్లజూడకుండా పిండం ఎవుడికి పెడతార్రా?" అని వాళ్లను గుమ్మం దాటించింది. అప్పటినుంచి ముసలామె మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఇప్పుడీ ముక్క. నిరుడు లక్ష్ముడు పడవలో ఎర ఉంచుకోవడానికని ఒకే షీటులోంచి రెండు ట్రేలు చేయించాడు. ఒకదాన్ని చేపలు కడగడానికి బాగుందని కనకలక్ష్మి ఇంట్లోనే ఉంచేసుకుంది. పొద్దున్న ముక్కను దాని పక్కన పెట్టి చూసింది. అదే నీలం. మూలన అవే మూడు గాడులు. అయినా ఆశకు సిగ్గుండదు కదా, చేసినవాణ్ణి అడిగేదాకా ఊరుకోనంది.

ధనరాజు ముక్కను వెలుగులో పెట్టి తిప్పాడు. వంచాడు. విరగలేదు. అంచున తాడు కట్టుకోవడానికి వేడిమేకుతో పొడిచిన చిల్లు ఉంది. దాని అంచు చుట్టూ బొటనవేలితో తడిమాడు.

"చెప్పు భయ్యా."

"ఆగు చెల్లీ" అని లోపలికి వెళ్లాడు. ఎంతకీ రాలేదు. వచ్చేసరికి మొహం తడిగా ఉంది, చేతిలో నీళ్ల బకెట్టు ఉంది. ముక్కను అడుగుకంటా నొక్కి వదిలాడు. అది పైకి వచ్చేసింది.

"తేలింది, చూశావా? ఇది పీపీ షీటు. థాయిలాండ్ నుంచో బర్మా నుంచో కొట్టుకొచ్చిన కచరా. మనది కాదు."

"రంగు అదే కదా! గాడులు కూడా..."

"రంగుదేముంది, ఎక్కడైనా దొరుకుతాది. గాడులు అందరూ వేస్తారు. షీటు ఏ రకమన్నదే చూడాలి." చిత్తుముక్కల డబ్బాలోంచి ఇంకో నీలం ముక్క తీసి బకెట్టులో వేశాడు. అది బుడుంగున అడుక్కి పోయింది. "లక్ష్ముడికి నేను వేసింది ఇది. ఏబీఎస్ అంటారు. బరువు. మునిగిపోద్ది."

కనకలక్ష్మి బకెట్టులోకి వంగింది. ఒక ముక్క పైన, ఒక ముక్క అడుగున. హమ్మయ్య అనుకోబోయి ఆగింది.

"కానీ ఆయన తేలేదే కావాలన్నాడే! చేయిజారి నీళ్లలో పడినా దొరకాలని. నువ్వు సరేనన్నావని ఇంటికొచ్చి చెప్పాడు కూడా."

ధనరాజు తల వంచుకున్నాడు. "అన్నాను. ఏం చెయ్యను, అప్పుడు పీపీ స్టాకు లేదు. చెన్నై షిప్పు లేటు. ఏబీఎస్సే వేసి, తేలుతుందని చెప్పి ఇచ్చేశాను."

"మోసం చేశావన్నమాట."

"చేశాను."

ఇంకో రోజైతే కనకలక్ష్మి సందంతా వినబడేలా కడిగేసేది. ఇవాళ ఆ మోసగాడి కాళ్లకు దండం పెట్టాలనిపించింది. "పోనీలే భయ్యా, నీ మోసమే మమ్మల్ని బతికించింది" అంది ఏడుస్తూ. అతను ఆమె కళ్లలోకి చూడలేదు. సిగ్గుపడుతున్నాడనుకుంది.

"ఆ ముక్క ఉండనీ. చెత్తలో పారేస్తాను" అన్నాడు ధనరాజు. బకెట్టులోంచి తీసి, తడి తుడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇంటిదాకా నడిచిందో పరుగెత్తిందో ఆమెకే తెలియదు. దారిలో ఎదురైన కులపెద్ద సత్యారావుతో "ఆదివారం ఏమీ వద్దు మామా" అని చెప్పేసింది. ఆయన నోరు తెరిచేలోపు సందు మలుపు తిరిగిపోయింది.

కాసులమ్మ గోడకు జారబడి ఉంది.

"అత్తా, అది మనది కాదంట! మన ట్రే అయితే మునిగిపోద్దంట. తప్పు షీటు ఏసేనని ధనరాజే ఒప్పుకున్నాడు."

"ధనరాజా? తప్పు షీటు ఏసేడా?" ముసలామె కళ్లు చికిలించింది. "ఆడు అలాటోడు కాదే."

"ఒట్టు. నా కళ్లతో చూశాను. నీకూ చూపిస్తానుండు. చూసేక గంజి తాగాల మరి."

ఇన్ని రోజులకు కాసులమ్మ మొహంలో ప్రాణం కదిలింది. "తాగుతానే. ముందు చూపించు" అంటూ గోడ పట్టుకుని లేచింది.

కనకలక్ష్మి వంటింట్లోంచి నీలం ట్రే తెచ్చింది. అత్తాకోడళ్లిద్దరూ పెరట్లో నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడ్డారు. ట్రేను పక్కకి వంచి, నిండా నీళ్లు పట్టనిచ్చి, రెండు చేతులతో అడుగుదాకా నొక్కింది. "చూడత్తా!" అని నవ్వుతూ చేతులు తీసేసింది.

ట్రే పైకి తేలింది.