వారాలబ్బాయి కుక్క

"ఒళ్ళో ఏటది?" అంది అచ్చియమ్మ.

సూర్యం చెయ్యి అలాగే ఆగిపోయింది. తువ్వాలు మడతలో దాచిన గారెల నూనె అప్పటికే బట్ట మీదికి గుండ్రంగా ఊరింది.

"గారెలు, పిన్నీ."

"గారెలు ఒళ్ళో పెట్టుకుంటారేటి? కడుపులో కదా పెట్టుకోవాల!"

ఎదురు పీట మీద భోంచేస్తున్న ఆమె భర్త, గార్డు అప్పలస్వామి, తల ఎత్తాడు. కట్నీ వెళ్ళే గూడ్సు బండిలో రాత్రంతా డ్యూటీ చేసి వచ్చిన మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళు చదువుకునే పేద కుర్రాళ్ళకి వారాలిస్తారు. రోజుకో ఇంట్లో భోజనం. అయితే అది పెళ్ళికాని వాళ్ళకే. పెళ్ళాం వచ్చినవాడు పని చూసుకోవాలి గాని పుస్తకం పట్టుకు తిరగకూడదని అక్కడి కట్టుబాటు. మొన్ననే ఇలాగే వారాలు తినే పైడిరాజు పెళ్ళి సంగతి బయటపడి, అన్ని ఇళ్ళూ ఒక్కసారే మూసుకుపోయాయి. అతను కాలేజీ మానేసి లోకో షెడ్డులో చేరిపోయాడు.

"కుక్కకండీ," అన్నాడు సూర్యం.

"అచ్ఛా! కుక్కని పెంచుతున్నావేటి?" అన్నాడు అప్పలస్వామి. "పేరు?"

"కనకం." ఆ క్షణాన నోటికి ఇంకో పేరు రాలేదు.

"గారెలు తింటాదా?"

"అల్లం తగిలితే మరీ ఇష్టమండీ."

"అరుస్తాదా?"

సూర్యం కాస్త ఆలోచించాడు. "నేను ఆలస్యంగా వెళ్తే అరుస్తుందండీ."

అప్పలస్వామి మజ్జిగ తాగి మీసం తుడుచుకున్నాడు. "పెరట్లో బొగ్గుల దొంగలు ఎక్కువైపోనారు. వచ్చే బుధవారం దాన్ని తోలుకొచ్చీ. ఇక్కడ కట్టీద్దాం."

ఉస్లాపూర్ దారిలో సూర్యం ఉండేది ఒంటిగది. కొత్తగా కాపురానికి వచ్చిన అతని భార్య కనకం ఆ గారెలే తింటూ సంగతంతా విన్నది. నవ్వి నవ్వి చాప మీద దొర్లింది.

"అల్లం ఇష్టమని కూడా సెప్పీసినావా?"

"నవ్వకు కనకం. ఈ ఇల్లు పోతే మిగతావీ పోతాయి. చదువూ పోతుంది."

"సరే అయితే, వీధికుక్కనొకదాన్ని పట్టుకెళ్ళు."

"కనకం అని పిలిస్తే అది పలకొద్దూ?"

ఆమె నవ్వు ఆపి లేచి కూర్చుంది. "పలికేదాన్ని నేనున్నాను కదా. నేనే వస్తాను. నువ్వు తినకుండా దాచి తెస్తే నేను దాక్కుని తినడం, ఇదేటి బతుకు? పోతే పోనీ. ఇద్దరం కలిసెళ్ళి పోగొట్టుకుందాం."

సూర్యం అప్పటికి భయం మరిచిపోయి, ఆమె మూతికి అంటిన మినప్పలుకు వేలితో తీశాడు.

బుధవారం వచ్చింది. కనకం పసుపుచీర కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని బయలుదేరింది. అప్పలస్వామి క్వార్టరు వరండాలో కూర్చుని తన డ్యూటీ లాంతరు తుడుచుకుంటున్నాడు.

"కుక్కేదిరా?"

"కుక్క లేదండీ, బాబాయిగారూ." సూర్యం ఆమెని ముందుకి రమ్మన్నాడు. "ఈమె కనకం. నా భార్య. అబద్ధం చెప్పాను. ఇక నుంచి రానండీ."

అప్పలస్వామి లాంతరు కింద పెట్టి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. అది ఎంత కోపమో తెలియక సూర్యం ఒక మెట్టు వెనక్కి దిగాడు.

అచ్చియమ్మ లోపల్నించి వచ్చి కనకం చెయ్యి పట్టుకుంది. "రా అమ్మీ. ఇద్దరికీ ఆకులేసీసినాను."

"మరి కట్టుబాటు, పిన్నీ?" అన్నాడు సూర్యం.

"ఆయన్నేటి చూస్తావు? విజయనగరంలో వారాలు తిని చదివినన్నాళ్ళూ, ఈయనగారి కుక్కని నేనే!"