రెండు ముక్కల మడమ

"ఈ తుపాకీ మడమ అతికించింది ఎవడ్రా?"

హవల్దారు అరుపుకి వరుసలో ఉన్న కుమేజి తలెత్తి ఆయన చేతిలోకి చూశాడు. అది తన తుపాకీయే. మొన్నటి వానకి మడమ కింది ముక్క ఊడి చేతిలోకొచ్చింది. జపాన్ చక్రవర్తి ముద్ర ఉన్న తుపాకీ పాడైందని తెలిస్తే వీపు విమానం మోతే! అందుకే నిన్న మధ్యాహ్నం బట్టలుతికే కొట్టం వెనక కూర్చుని, పీపాలు చేసిన పాత అలవాటుతో, అన్నం మెతుకులు నూరి అతికించాడు. ఆ మెతుకులు పక్క మంచం యసోకిచివి. "నా వాటా తీసుకోరా, ఒక్క పూట పస్తుంటే చస్తానా!" అన్నాడు.

"చెప్పరేం? నోళ్ళు పడిపోయాయా?"

యసోకిచి అడుగు ముందుకేశాడు. "పాడుచేసింది కుమేజి అయ్యా. అతికించింది నేను."

"అబద్ధం! నేనే అతికిం..."

కుమేజి చెంప ఛెళ్ళుమంది. "దాచిపెట్టి, పైగా గొప్పలా?"

యసోకిచి జేబులోంచి వెదురుబద్ద తీశాడు. దాని చివర జిగురు ఎండిపోయి ఉంది. నిన్న "కడిగి తెస్తా" అని కుమేజి దగ్గర్నుంచి పట్టుకెళ్ళిన, జిగురు పూసిన బద్దే అది.

హవల్దారు అతుకు మీద గోటితో గీకి చూశాడు. ఊడలేదు. "కర్ర ఆదా అని మడమలన్నీ రెండు ముక్కలుగానే చేస్తారు. ఈ కొత్తవాటి జిగురే దండగమారిది. గిడ్డంగిలో రెండొందలు ఊడి పడున్నాయి. అతికించే పనివాణ్ణి ఒకణ్ణి ఇక్కడే ఉంచమని నిన్న పొద్దున ఆఫీసుకి కాగితం వచ్చింది. యసోకిచీ, నువ్వుండిపో. మిగతావాళ్ళు రేపు హిరోషిమా రేవులో యుద్ధానికి ఓడెక్కుతారు."

ఆ ఓడలెక్కినవాళ్ళ నుంచి ఇంతవరకు ఒక్క ఉత్తరం రాలేదు. ఆఫీసులో రోజూ టీ పోసేది యసోకిచే. అంటే నిన్న మెతుకులిచ్చేటప్పటికే వాడికి ఆ కాగితం సంగతి తెలుసన్నమాట. అన్నం పెట్టిన చేత్తోనే గొంతు కోశాడు కదా, వెధవ!

"ఊడటం తప్పు కాదురా కుమేజీ, దాచడం తప్పు. సాయంత్రం దాకా నిలబడి తుపాకీకి క్షమాపణ చెప్పుకో!"

కుమేజి తుపాకీని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. "తుపాకీ గారూ, తప్పయిపోయింది, క్షమించండి. తుపాకీ గారూ..."

గొంతు బొంగురుపోయే వేళకి యసోకిచి వెనకనుంచి వచ్చి, చెవిలో మెల్లగా అన్నాడు.

"ఒరేయ్, ఓడెక్కేలోపు ఆ జిగురు ఎలా చేస్తారో కాస్త చెప్పి పోరా."