మెట్టుకు రెండు ఊచలు

మొదట్లో తాళాల షావుకారు చేతిలో ఉన్నవి ఇరవై ఎనిమిది ఊచలు.

మామూలు ఊచలు కావవి. కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి, నడుమ జడలా మెలితిప్పిన పాతకాలపు ఇనుము. ఎవరిదో మేడ పడగొడుతుంటే, తన కొట్లోని తాళాలు రెండు డజన్లు వాళ్ళ చేతిలో పెట్టి, ఊచల్ని బండెక్కించుకొచ్చాడు. కొత్తింటి మెట్లకు అంతకు మించిన అందం లేదని ఆయన లెక్క.

లెక్క తప్పిందల్లా ఒక్కచోటే. మెట్లు పద్నాలుగు. మెట్టుకు మూడు ఊచలుండాలన్నాడు వెల్డింగ్ మేస్త్రి. అంటే నలభై రెండు. పద్నాలుగు తక్కువ.

వాటికి జత కోసం షావుకారు ఎక్కని వర్క్‌షాపు మెట్టు లేదు. ఒకడు గొట్టాలు చూపించాడు. తడితే ఖాళీ డబ్బాల్లా మోగాయి. ఇంకొకడు అచ్చులో పోసినవి చూపించాడు. ఒక్కదానికీ ఆ మెలిక లేదు. మూడోవాడు ఫోన్లో బొమ్మలు తిప్పి, "ఏది కావాలో దానిమీద వేలు పెట్టండి సార్" అన్నాడు. చేత్తో కొట్టి చేసేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో చెప్పమని నాలుగోవాడు ఆయన్నే అడిగాడు. వారం తిరిగేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

"మెట్టుకు రెండే బిగించు," అన్నాడు మేస్త్రితో. "ఉన్నవి సరిగ్గా సరిపోతాయి."

"సందు ఎక్కువైపోతుంది షావుకారుగారూ. తల పట్టేస్తుంది. ఇంట్లో చిన్నపిల్లాడున్నాడు."

వంటింట్లోంచి భార్య అందుకుంది. "మూడేళ్ళ మనవణ్ణి పెట్టుకుని ఏం లెక్కలండీ అవి? వాడసలే ఒకచోట కుదురుగా ఉండే రకమా? తల ఇరుక్కుంటే?"

"దూరిన తల రాకుండా ఎక్కడికి పోతుందే? పోయిన దారేగా రావడానికీ!"

"మీతో వాదించడం నా వల్ల కాదు."

మేస్త్రి సణుక్కుంటూనే బిగించాడు. నల్లరంగు కొట్టాడు. షావుకారు హాల్లో నిలబడి ఇరవై ఎనిమిదీ రెండుసార్లు లెక్కపెట్టుకుని మురిసిపోయాడు.

ఆ మురిపెం మూడు రోజులు. నాలుగోరోజు పొద్దున, కాఫీల వేళకు, ఐదో మెట్టు దగ్గర తల ఇరుక్కుంది.

ఇల్లంతా గోల. మనవడు "తాతా, తాతా" అంటూ ఒకటే ఏడుపు. కూతురు సబ్బునీళ్ళ గిన్నెతో పరుగెత్తుకొచ్చింది. భార్య నూనెసీసా చెవుల మీద బోర్లించింది. నూనె మెట్ల మీదుగా హాల్లోకి కారింది గాని తల మాత్రం వెనక్కి రాలేదు.

"చెప్తే విన్నారా? చిలక్కి చెప్పినట్టు చెప్పానే!" అంది భార్య.

"ఇప్పుడా పురాణం ఎందుకే? ముందు వాణ్ణి ఊరుకోబెట్టండి. చెవులు మడిచి చూడండి."

"మడిచాం నాన్నా. లాగబోతే మళ్ళీ విచ్చుకుంటున్నాయి," అంది కూతురు ఏడుపు గొంతుతో.

కబురందుకుని మేస్త్రి కోత మిషనుతో వచ్చాడు. వంగి చూశాడు. ఊచలు పట్టుకుని ఊపి చూశాడు. తను బిగించినవాయె, కదుల్తాయా? ఒకసారి దగ్గి, "ఒక ఊచ కోసెయ్యాలి. వేరే దారి లేదు," అన్నాడు.

"కోసింది మళ్ళీ అతుకుతుందా?" అడిగాడు షావుకారు.

"అతుకుతుంది గాని మెలిక పోతుంది. ఇక అది ఆ జతలోకి రాదు."

"అయితే వద్దు. ఇంకాస్త నూనె పొయ్యండి. ఓ గంట చూద్దాం."

"గంటా!" భార్య గొంతు ఇల్లు దద్దరిల్లేలా లేచింది. "మనిషేనా మీరు? తల కంటే ఇనుము ఎక్కువైపోయిందా?"

షావుకారు అటు తిరగలేదు. "ఇలాంటిది ఇంకొకటి ఎక్కడ దొరుకుతుందో చెప్పు. చెప్పవే, కొనుక్కొస్తా."

మేస్త్రి విసుగ్గా మిషను మెట్టు మీద పెట్టాడు. "తేల్చి చెప్పండి షావుకారుగారూ. నాకవతల పనుంది. ఊచ కావాలా, తల కావాలా?"

షావుకారు వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"ఆలోచిస్తున్నావా నాన్నా!" కూతురు నెత్తి కొట్టుకుంది. "నిజంగా ఆలోచిస్తున్నావా!"

"కొయ్యి," అన్నాడు చివరికి. "మెలికకు తగలకుండా, పైనా కిందా బాగా చివర్లో కొయ్యి. జాగ్రత్త."

"తలకేం కాదులెండి."

"నేనంటున్నది ఊచ గురించి!"

చెవి మీద తడిగుడ్డ కప్పారు. మిషను గీపెట్టింది. నిప్పురవ్వలు రాలాయి. ఊచ ఖంగుమని హాల్లో పడి, రెండు దొర్లుళ్ళు దొర్లి ఆగింది.

ఆఖరి లెక్కకు షావుకారుకు దక్కినవి ఇరవై ఏడు ఊచలు, వాటి మధ్య నోరు తెరుచుకున్న ఒక సందు, "దూరిన తల ఎంత సులువుగా వస్తుందో చూడరా" అని మనవడికి చూపించబోయి ఇరికించుకున్న తన సొంత తలకాయ.