గుప్పెడు టీ ఆకు

ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ టీ కంపెనీలోంచి గుప్పెడు టీ ఆకు మాయమయ్యేది. మాయం చేసేది మరెవరో కాదు, ఒక్క గుక్క తాగి ఇది ఫలానా తోటదని చెప్పేసే టేస్టరే. లంచ్ డబ్బా అడుగు గిన్నెలో ఆకు పోసి, దాని మీద ఎంగిలి గిన్నె పెట్టేవాడు. ఎంగిలి గిన్నె ఎత్తి చూసే ఓపిక ఏ వాచ్‌మన్‌కి ఉంటుంది?

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆఫీసు పెన్సిలైనా ఇంటికి తేని మనిషి. అలాంటివాడు దొంగ కావడానికి కారణం వాళ్ళావిడ. ఆవిడ ఇంట్లో టీ చాక్లెట్ ఉండలు, అదే ట్రఫుల్స్, చేసి బేకరీకి ఇచ్చేది. వేడి క్రీములో టీ ఆకు నానబెట్టి, వడకట్టి, సన్నగా తరిగిన చాక్లెట్ మీద పోసి కలిపేది. గట్టిపడ్డాక ఉండలు చుట్టి కోకో పొడిలో దొర్లించేది. మొదట్లో ఇచ్చినవి ఇచ్చినట్టే తిరిగొచ్చేవి.

"మంచి టీ పడితే ఇవే ఎగిరిపోతాయండీ," అని ఆవిడ ఓ రోజు నిట్టూర్చింది. అంతే, పెద్దమనిషి కరిగిపోయాడు.

తెచ్చింది మామూలు ఆకు కాదు. కొండ కొసన తోటలో ఏడాదికి ఒక్కసారి కోసే తెల్ల చిగురు. కంపెనీ మొత్తానికి ఒకే ఒక్క డబ్బా. పెద్ద పార్టీలు కొనడానికి వస్తే తప్ప దాని మూత తీయరు.

పదిరోజులు తిరక్కుండానే, ఎన్ని పంపినా చాలడం లేదని బేకరీ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఇదంతా తన గుప్పెడు ఆకు మహిమేనని టేస్టరు లోలోపల మురిసిపోయాడు.

ఇంట్లో తాగడానికి మాత్రం సందు చివరి కొట్టులో పాకెట్టే కొనేవాడు. దొంగ ఆకు తను తాగితే పాపం, భార్య వ్యాపారానికి ఇస్తే ప్రోత్సాహం. ఇదీ ఆయన నీతి. రోజూ పొద్దున్నే ఆవిడ, ఆయన నేర్పినట్టే, పాలు పోయకుండా, గడియారం చూసి మూడు నిమిషాలు నానబెట్టి కప్పు చేతికిచ్చేది. ఆయన ఒక్క గుక్క జుర్రున పీల్చి, పుక్కిలించి ఉమ్మేసి, మిగతాది సింకులో ఒంపేసేవాడు.

"అంట్లు తోమిన నీళ్ళు ఇంతకంటే నయం."

"అలాగే లెండి," అని ఆవిడ కప్పు కడిగేసేది.

మూడు నెలలు గడిచాయి. ఓ మధ్యాహ్నం మేనేజరు ఆయన్ని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. బల్ల మీద అట్టపెట్టె ఉంది. ముందురోజు ఆవిడ ఉండల కోసం తన చేతులతో మడిచిన పెట్టెను టేస్టరు చూడగానే గుర్తుపట్టాడు.

"చిగురు డబ్బా బరువు తగ్గుతోందండీ," అన్నాడు మేనేజరు. "ఎవరో ఇంట్లో టీ చాక్లెట్లు చేసి బేకరీకి ఇస్తున్నారట. మన ఆకు అందులోకే పోతోందని నా అనుమానం. మీరు తిని చెప్పండి. అవునంటే ఆ చేసేవాళ్ళెవరో కనుక్కుని పోలీసులకి అప్పగిస్తాను. కాదంటే బేకరీ సంగతి వదిలేస్తాను."

టేస్టరు పెట్టెను కాస్త దూరం జరిపాడు. "నా ఒక్కడి మాట చాలా సార్?"

"ఇరవై ఏళ్ళలో మీ నాలుక ఒక్కసారైనా తప్పు చెప్పిందా?"

ఆయన ఒక ఉండ నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. తెల్ల చిగురే. కొండ మంచు చల్లదనం, చివర్లో పలచగా తేనె. అనుమానమే లేదు. ఉద్యోగం పోవడం, ఆవిడ పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చోవడం కళ్ళ ముందు కదిలాయి. టీ విషయంలో ఆయన ఇంతవరకూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. కంపెనీ యజమాని సొంత తోట ఆకునే బాగాలేదని మొహం మీద చెప్పిన మనిషి.

"మనది కాదు సార్," అన్నాడు కష్టంగా మింగి. "కొట్లో దొరికే డస్టు టీ. అందులోనూ చవక రకం."

మేనేజరు ఊపిరి పీల్చుకుని, చిగురు డబ్బా ఉంచే అల్మారా తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టాడు. "ఇంకెవరినీ నమ్మను. ఇది మీ దగ్గరే ఉంచండి."

టేస్టరు ఇంటికొచ్చేసరికి ఆవిడ వంటింట్లో క్రీము వడకడుతోంది. ఆయన కుర్చీలో కూలబడి జరిగిందంతా చెప్పాడు. "నిన్ను కాపాడుకున్నాను. కానీ నా నాలుక మైలపడిపోయింది. బతుకులో మొదటిసారి టీ గురించి అబద్ధం చెప్పాను," అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

"మీరేం అబద్ధం చెప్పలేదండీ," అందావిడ నెమ్మదిగా. గట్టు మీద సందు చివరి కొట్టు పాకెట్టు సగం ఖాళీగా ఉంది. "మీ చిగురు మొదటిసారే వేసి చూశాను. చాక్లెట్ ముందు దానికి నోరే పెగల్లేదు. తర్వాత ఈ డస్టు రెట్టింపు వేశాను, బాగా కుదిరింది. అప్పట్నుంచీ ఇదే. మీరు అంత సంబరపడుతుంటే చెప్పబుద్ధి కాలేదు."

టేస్టరు లేచి పాకెట్టు తీసి వాసన చూశాడు. మధ్యాహ్నం నుంచీ నాలుక మీద ఉన్న ఆ కొండ మంచు, ఆ తేనె ఎక్కడివో ఆయనకు అర్థం కాలేదు. "మరి మూడు నెలల ఆకు? పారేశావా?"

"అయ్యో, ఉద్యోగానికి తెగించి తెచ్చింది నేనెందుకు పారేస్తాను?" అంది ఆవిడ. "రోజూ పొద్దున్నే మూడు నిమిషాలు నానబెట్టి మీ చేతికే ఇస్తున్నాను, సింకులో పారబోసేది మీరే."