లెక్కలకు బదులు బర్రె

పాలు పితకడం నేర్చుకోవడానికి ఎవడూ నాందేడు దాకా రాడు. వచ్చినవాడు మూర్ఖుడు. పంపినవాడు అంతకంటే పెద్ద మూర్ఖుడు. కాలేజీ వరండాలో నిలబడి, పదకొండో తరగతి ఫారం కొడుకుతో చదివించుకున్నాక కిషన్‌రావు ఈ సంగతి తేల్చేశాడు.

"మల్లొకసారి సదువు," అన్నాడు.

"ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ..." అంబాదాస్ గొంతు తగ్గించాడు. "డెయిరీ."

"గా ఆఖరుది ఏంది?"

"పాల సబ్జెక్టు, బాపు. ఈ ఏడే కొత్తగ పెట్టిన్రు. బర్లను ఎట్ల సాకాలె, పాలు ఎట్ల పితకాలె, గవన్ని."

"నిన్ను డాక్టర్ను చేద్దామని ఈడికి తోలుకస్తి. పెండ పిసికెతందుకైతే ఊళ్ళె మన కొట్టం లేదా?"

"డాక్టరీకి లెక్కలు అక్కర లేదు. బయాలజీ మార్కులు చూస్తరు. లెక్కలకు బదులు ఇది తీస్కోవచ్చు. లెక్కలు పెట్టుకుంటే పొద్దంత గవే సరిపోతయి, బయాలజీ ఎప్పుడు సదవాలె? పదిల లెక్కలకు ముప్పై ఎనిమిదే అచ్చినయి గద."

"ముప్పై ఎనిమిది అని గట్టిగ చెప్పకు. మంది ఇంటరు."

ఫారం కింద తండ్రి సంతకం కావాలి. ఆ సాయంత్రంతో గడువు అయిపోతుంది. కిషన్‌రావు జేబులోని పెన్ను తీయలేదు.

డెయిరీ చెప్పే శంకర్రావు సారు అటుగా వస్తూ ఈ మాటలు విన్నాడు. ఆయనదీ తెలుగిల్లే.

"మీరు కొట్లాడుకునుడు తర్వాత. ముందు సీటు ఉండాలె గద," అన్నాడు నవ్వుతూ. "ఒక్కటే మిగిలింది. నలుగురు అడుగుతున్నరు. వెనక కొట్టంల బర్రె ఉన్నది. ఎవడు పితికితే వానిదే సీటు."

కిషన్‌రావు ముఖం విచ్చుకుంది. కొడుకు పుట్టి బుద్ధెరిగాక పొదుగు ముట్టింది లేదు. భార్య సుశీలాబాయి చనిపోయిన నాలుగేళ్ళ నుంచీ ఇంటి బర్రెను తనే పితుకుతున్నాడు. అది ఆమెకు తప్ప ఎవరికీ పాలు చేపేది కాదు. దాన్ని లొంగదీసిన ఉపాయం అతనికి తెలుసు, బర్రెకు తెలుసు. రోజూ తెల్లవారుజామున కొట్టంలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకునేవాడు. కొడుకు అటు వస్తే, "నువ్వు పుస్తకం పట్టు పో," అని కసిరేవాడు.

"మంచిది సార్," అన్నాడు. "వీడు పితికితే ఆడనే సహీ పెడ్త. పితకకుంటే లెక్కలు రాయాలె."

"మాట తప్పవు గద బాపు?"

"నేనెప్పుడు తప్పిన?"

కొట్టంలో బర్రె ఏనుగు పిల్లలా ఉంది. రోజూ దాన్ని పితికే ముత్తెమ్మ పక్కనే బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఆకు నములుతోంది. "అది నాకు తప్ప ఇయ్యది సారూ, పోరగాళ్ళకు కాళ్ళు చేతులు ఇరుగుతయి," అంది.

మొదటివాడు కూర్చోకముందే లేచాడు. రెండోవాడి బకెట్ గోడకు తగిలింది. మూడోవాడికి తోకతో చెంప మీద ఒకటి పడింది. చుక్క పాలు రాలేదు. కిషన్‌రావు గోడకు చేరగిలబడి, చాలా కాలానికి నోరారా నవ్వాడు.

"లెక్కల పుస్తకం ఏ దుకాన్ల దొరుకుతది సార్?" అని అడిగాడు.

అంబాదాస్ వంతు వచ్చింది. వాడు బర్రెను కాసేపు చూశాడు. తర్వాత ముత్తెమ్మ దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. ఆమె పొలమారేదాకా నవ్వింది. ఇద్దరూ గడ్డివాము వెనక్కి పోయారు.

"ఉరికిండు," అన్నాడు కిషన్‌రావు.

కాసేపటికి కొంగు ముక్కుదాకా కప్పుకుని ముత్తెమ్మ బయటికి వచ్చింది. బర్రె వీపు మీద చరిచి, గొంతుక్కూర్చుంది. సన్నగా ఏదో పాట తీసింది. బర్రె నెమరు ఆపింది. మెడ తిప్పి ఆమె భుజం నాకింది. బకెట్‌లో పాలధార మోగసాగింది.

"ఇదేం ఇన్సాఫ్ సార్?" కిషన్‌రావు గొంతు లేచింది. "ముసలామె పితికితే నా కొడుక్కు సీటా?"

"నేనేడ పితుకుతున్న పటేలా?"

వెనక నుంచి మాట. తిరిగి చూస్తే ముత్తెమ్మ ఆకు నములుతూ నిలబడి ఉంది. బర్రె దగ్గరి మనిషి నిండు బకెట్‌తో లేచింది. కొంగు జారింది. అది గడ్డివాము వెనక ఆరేసి ఉన్న ముత్తెమ్మ ఇంకో చీర; దాని కింద అంబాదాస్ ప్యాంటు, చొక్కా కనిపించాయి. పోరగాళ్ళు ఈలలు వేశారు.

శంకర్రావు సారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "సీటు నీదే పో. గీ ఉపాయం ఏ పుస్తకంల సదివినవ్‌రా?"

కిషన్‌రావు నవ్వడం లేదు. ఒక్క అంగలో కొడుకు దగ్గరికి వచ్చాడు. "ఫారం ఇటు తే. సహీ పెడ్త. నడువు, బస్సు పోతది."

"ఉండు బాపు, సార్ అడుగుతున్నడు గద." అంబాదాస్ చీర మడిచి ముత్తెమ్మకు ఇచ్చాడు. "పుస్తకంల లేదు సార్. మా కొట్టం తలుపుకు సందు ఉన్నది. మా బాపు రోజు తెల్లారగట్ల మా అమ్మ చీర కట్టుకొని, అమ్మ పాట పాడుకుంటనే పితుకుతడు."

కిషన్‌రావు సంతకం పెట్టాడు. టోపీ సర్దుకున్నాడు.

"ఇంటికి పోయినంక గా సందుకు రేకు కొట్టాలె," అన్నాడు. "గీ ముచ్చట ఇయ్యాల్టితో బంద్. మల్ల నేను మాట్లాడ."

మాట్లాడలేదు.