గోరింక మాస్టారి పాఠం

రెక్కలొచ్చిన పిల్లలు నోరెత్తితే చాలు, చదువు చెడిపోయిందంటావు. నీకు ఎన్నిసార్లని చెప్పను? ఓపిక లేకపోయినా మరోసారి చెబుతాను, విను.

ఇప్పచెట్టు మీద గోరింక మాస్టారు పెద్ద తరగతికి పాముల పాఠం చెబుతున్నాడు. అంతలో ఒక జెర్రిపోతు పక్కగూటి వైపు పాకుతూ కనిపించింది. నలుగురు శిష్యులు పాఠం వదిలేసి, దాని చుట్టూ మూగి అరిచారు, తోక పొడిచారు. పాము పొదలోకి పారిపోయింది.

“క్లాసు ఎగ్గొట్టి గొడవలకు పోతార్రా?” అన్నాడు మాస్టారు.

“మాస్టారూ, అందరం ఒక్కసారిగా మీద పడితే దానికి ఎటు తిరగాలో తెలీదండీ. ఇది మీరు చెప్పలేదు,” అంది ఒక పిల్ల ఆయాసపడుతూ. పోట్లాటలో దాని ఈక ఒకటి ఊడిపోయింది.

“నాకే పాఠాలా? నలుగురూ చెట్టు దిగండి!”

వాళ్ళు అడవి దాటి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు బుద్ధిగా కూర్చున్నారు.

వారం తిరక్కుండానే జెర్రిపోతు మళ్ళీ వచ్చింది. ఈసారి మాస్టారి గూటికే ఎక్కింది.

“రండర్రా, పొడవండి!” అని మాస్టారు గొంతు చించుకున్నాడు.

శిష్యులు పాము లక్షణాలన్నీ తప్పులేకుండా అప్పజెప్పారు. ఒక్కరూ కొమ్మ మీంచి కదల్లేదు. గూట్లో ఇంకా కళ్ళు తెరవని మూడు పిల్లల్నీ జెర్రిపోతు మాస్టారి ఎదుటే మింగేసింది.