గోడ మీది సుద్దరాత

టోపీ దీపం వెలుగు గోడ మీద పడగానే మొగిలి కాళ్లు ఆగిపోయాయి. అక్కడ సుద్దతో ఇంగ్లీషులో రాసి ఉంది: పైకప్పు కదులుతోంది, లోపలికి పోరాదు.

బొగ్గుబాయిలో అతనికిది మొదటి షిఫ్టు. బీఏ థర్డ్ క్లాసు కావడంతో గుమస్తా ఉద్యోగానికి ఎవరూ పిలవలేదు. బొగ్గు నింపే పనికేమో చదువుకున్నవాళ్లను తీసుకోరు. అందుకే చదువు రాదని చెప్పి, వేలిముద్ర వేసి చేరాడు. ఈ రాత చదివానని తెలిస్తే ఇవాళే తరిమేస్తారు. తెలియనట్టు లోపలికి నడిస్తే పైకి వచ్చేది శవమే.

ముందు నడుస్తున్న ఫరీద్ ఆరేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాడు. అతనిదీ వేలిముద్రే.

"అన్నా, లోపలికి పోవద్దు!" మొగిలి వెనకనుంచి కేకేశాడు.

ఫరీద్ అప్పటికే ఆగి ఉన్నాడు. అతని దీపమూ ఆ గోడ మీదే ఉంది.

"ఎందుకు తమ్మీ?"

"ఏమో... భయమైతంది."

కప్పుకు ఆనించిన దుంగ పటపటమంది. ఫరీద్ మొగిలి రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ మలుపు దాటేదాకా ఉరికారు. ఫరీద్ ఆయాసపడుతూ అతని చెవిలో అడిగాడు:

"నీదేం క్లాసు?"

"థర్డ్."

"నాది ఫస్టు. ఎవ్వలకు చెప్పకు."